బ్యాంకాక్‌లో ఒంటరిగా ఒక రోజు: ఎలా తిరగాలి?

ప్రశ్న:
హోటల్ సుఖుమ్‌విత్‌లో. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ గుళ్లు ఒకే రోజులో అవుతాయా? ట్యాక్సీ మాట్లాడుకోవాలా?

జవాబు 1:
హాయిగా అవుతాయండి. ట్యాక్సీ మాత్రం వద్దు, ట్రాఫిక్‌లో పొద్దు గడిచిపోతుంది. సుఖుమ్‌విత్ స్టేషన్‌లో ఎంఆర్‌టీ (మెట్రో) బ్లూ లైన్, లక్ సాంగ్ వైపు రైలెక్కి సనమ్ చాయ్‌లో దిగండి. మారే పని లేదు. వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డు గేటు దగ్గర ఆనిస్తే చాలు. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి; మన కార్డులు గేటు దగ్గర పనిచేయకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. లోపలికి ఏ కార్డో బయటికీ అదే.

ముందు ప్యాలెస్. 8:30కి తెరుస్తారు, టికెట్లు 3:30 వరకే, 500 బాత్. ఎండ ముదరకముందే చూసేయాలి. తర్వాత నడిచి వాట్ ఫో, పక్కనే తా తియెన్ రేవులో పడవెక్కితే అవతలి ఒడ్డున వాట్ అరుణ్. పడవకు చిల్లర ఉంచుకోండి.

జవాబు 2:
భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. షార్ట్స్ వేసుకుంటే ప్యాలెస్‌లోకి పోనివ్వరు.

ప్యాలెస్ గోడ పక్కన ఎవరైనా చక్కగా పలకరించి, "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, చవగ్గా టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తా" అంటే ఆగకండి. ఆ బండి చివరికి రత్నాల కొట్టుకో, టైలర్ షాపుకో చేరుతుంది, అక్కడ డ్రైవరుకు కమీషన్. నేరుగా టికెట్ కౌంటర్‌కు వెళ్లి అడగండి.

జవాబు 3:
హోటల్ అడ్రస్ థాయ్ లిపిలో ఫోటో తీసి పెట్టుకోండి. ఇంగ్లీషు చదవలేని డ్రైవర్లకు అదే చూపించాలి.