అప్‌డేట్: మా పెద్దమ్మ అడ్డపొగ, అంగిలి మీది తెల్లపొర

పర్లాకిమిడిలో ఉంటున్న మా పెద్దమ్మ అంగిలి మీద మందమైన తెల్లపొర, దాని నడుమ ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయని, ఆవిడకు 40 ఏళ్లుగా అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకొని తాగడం) అలవాటు ఉందని నాలుగు నెలల క్రితం అడిగాను. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించమన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

బరంపురంలో చూపించాము. చుట్ట నిప్పుకొసను నోటిలోపల ఉంచుకొని పీల్చడంవల్ల వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయని, ఆ ఎర్రచుక్కలు వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్లని, మామూలుగా పొగ తాగేవారిలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఈ అలవాటున్నవారిలో ఎక్కువగా వస్తుందని వైద్యురాలు వివరించారు. (మా ఊళ్లో మొదట చూసినాయన విటమిన్ మాత్రలిచ్చి పంపేశారు, ఒక నెల వృథా అయింది.) పరీక్షలో క్యాన్సర్ లేదు గానీ, కణాలలో స్వల్పమైన మార్పులున్నాయి.

మాన్పించడమే కష్టమైంది. "ఇలా తాగితే చుట్ట గాలికి ఆరిపోదని, చంటిపిల్ల మీద నిప్పు పడదని మా అమ్మే నేర్పింది, ఇప్పుడు తప్పయిపోయిందా?" అని ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చెయ్యి పదేపదే కొంగుముడి దగ్గరికి పోతుంటే, అందులో చుట్టకు బదులు సోంపు కట్టి ఇచ్చాను. పొగాకు మానడానికి సాయం చేసే, పొగాకు పెట్టెల మీద ముద్రించే 1800-11-2356 నంబరుకు కూడా ఫోన్ చేశాము. రెండుసార్లు తప్పినా, ఇప్పటికి 7 వారాలుగా చుట్ట ముట్టలేదు.

మొన్న చూసినప్పుడు పొర పలచబడింది, చుక్కలు తగ్గాయి. మార్పులున్న చోట వచ్చే నెలలో మళ్లీ ముక్క తీస్తామన్నారు.