మా అవ్వ ముడుపు, పేపర్లో ముడుపులు

సభ్యులందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అవ్వ పోయి రేపటికి నలభై రోజులు. (మా వైపు నాయనమ్మా అవ్వే, అమ్మమ్మా అవ్వే. ఈవిడ మా నాయన తల్లి.) ఇది సంతాపం పోస్టు కాదు, మాట గురించే రాస్తున్నాను. మధ్యలో అవ్వ వస్తే ఏమీ అనుకోకండి.

పదకొండో రోజు కర్మక్రియలయ్యాక దేవుడి గూడు సర్దుతుంటే పటం వెనకాల పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట కనిపించింది. "అవ్వ ముడుపు కట్టిందే!" అంది అమ్మ. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా తమ్ముడి కొడుకు, పన్నెండేళ్ళవాడు, చాలా సీరియస్‌గా అడిగాడు: "ముడుపులంటే లంచం కదా? అవ్వ ఎవరికి ఇద్దామనుకుంది?" ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తరవాత అమ్మే ముందు నవ్వింది. పదకొండు రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

వాడి తప్పేమీ లేదు. వాడు ఆ మాట విన్నది టీవీ వార్తల్లోనే. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిలుచు నుంచి పిలుపు, తలచు నుంచి తలపు, గెలుచు నుంచి గెలుపు వచ్చినట్టే ముడుచు నుంచి ముడుపు. ముడిచి పక్కన పెట్టింది, అంతే. మా ఇంట్లో దేవుడిది ఎప్పుడూ ఏకవచనం: ముడుపు కట్టాం, ముడుపు చెల్లించాం. లంచం మాత్రం దాదాపు ఎప్పుడూ బహువచనమే: ముడుపులు అందాయి, ముడుపులు ముట్టాయి. అవ్వేమో "అది సామిది, ముట్టబాకండి" అనేది. ముట్టకూడని దాన్ని పేపర్ల వాళ్ళు ముట్టించేశారు.

ఇదొక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. అదే రోజు భోజనాల దగ్గర ఒక బంధువు, "ఈ కాలంలో కర్మలన్నీ మొక్కుబడిగా కానిచ్చేస్తున్నారు" అన్నాడు. మమ్మల్ని అన్నాడో లోకాన్ని అన్నాడో తెలీదు గానీ, నాకు గుచ్చుకున్నది ఆ మాట. రాబడి, దిగుబడి, పెట్టుబడి లాగా మొక్కుబడి. మొక్కుకున్నది చెల్లించడం. మా నాయనకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గితే అవ్వ మెట్లపూజ మొక్కుకుందట. అలిపిరి నుంచి కొండ దాకా 3,550 మెట్లు. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైమెట్టు ఎక్కడం. చీకటితో మొదలుపెడితే పైకి చేరేసరికి మళ్ళీ చీకటి పడింది. మోకాళ్ళ పర్వతం మాత్రం మోకాళ్ళ మీదే ఎక్కిందట. వారం రోజులు వేళ్ళ పసుపు వదల్లేదని తాత చెప్పేవాడు. మొక్కుబడి అంటే మా ఇంట్లో అది. మనసు పెట్టకుండా ఏదో అయిందనిపించే పనికి ఈ పేరు ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాదు.

మూడోది నిలువుదోపిడి. నిలువునా ఒంటి మీదున్న నగలన్నీ తీసి హుండీలో వేసే మొక్కు. మా చిన్నత్త పుట్టినప్పుడు కాన్పు కష్టమై, బతికి బయటపడితే ఇస్తానని అవ్వ మొక్కుకుంది. పైకి పోయి కమ్మలు, ముక్కుపుడక, గాజులు, అన్నీ హుండీలో వేసి, చెవి రంధ్రాలు పూడకుండా చీపురుపుల్లలు పెట్టుకుని దిగొచ్చింది. తాత ఒక్క మాట అనలేదు. మూడేళ్ళ తరవాత కమ్మలు చేయించాడు. ఇప్పుడు నిలువుదోపిడి అంటే? స్కూలు ఫీజులు, ఆస్పత్రి బిల్లులు, పార్కింగ్ రుసుములు.

మూడు మాటలూ కొండవే. మూడూ ఇట్లా అయ్యాయేంది? పెద్దలు చెప్పండి. ఇంకో ప్రశ్న కూడా ఉంది: కట్టినవాళ్ళు పోయాక ఆ ముడుపు ఏం చేయాలి?

*

కడప నుంచి ఒక సభ్యుడు: మూడేనా అన్నా? లెక్క పెట్టు. నామం పెట్టినాడు అంటే మోసం. పంగనామాలు పెడితే ఇంకా పెద్ద మోసం. శఠగోపం పెట్టడమూ మోసమే. డబ్బు పోతే గోవిందా. బాగా వదిలితే క్షవరం అయింది అంటాం. నిన్న తెచ్చిన జీతం హారతి కర్పూరం. మన భాషలో మోసానికీ నష్టానికీ కావాల్సిన సరుకంతా ఏడుకొండల మీద నుంచే దింపుకున్నట్టున్నాం!

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు: శఠగోపం సంగతి చూడండి, ఎంత విడ్డూరమో. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు శఠకోపులనే పేరుంది. శఠం అంటే వంచన, దాని మీద కోపం ఉన్నవాడు శఠకోపుడు. ఆయన పేరే గుళ్ళో మన తల మీద పెట్టే శఠగోపానికి వచ్చింది; అది స్వామి పాదాలకు గుర్తు. వంచన మీద కోపగించిన పేరును తెచ్చి వంచనకే తగిలించాం. ఇక గోవిందా సంగతి. శవయాత్రలో 'గోవిందా గోవింద' అంటూ మోసుకెళ్తారు కదా. పోయినదానికల్లా గోవింద అనడం అక్కణ్ణుంచే వచ్చి ఉంటుందని నా ఊహ. ఊహే సుమా, రుజువు అడక్కండి.

మళ్ళీ నేను: మాస్టారూ, మీ ఊహ నాకు సరిగ్గా తగిలింది. అవ్వను తీసుకుపోయేటప్పుడు మేమూ అదే అన్నాం. తిరుపతిలో శ్మశానవాటిక పేరు కూడా గోవింద ధామమే. ఆ రోజు వీధి చివర కొండకు పోయే యాత్రికుల బస్సొకటి ఆగింది. లోపల వాళ్ళూ గోవిందా అంటున్నారు, బయట మేమూ అంటున్నాం. ఎవరి గోవింద ఎవరిదో తెలీలేదు.

నామం గురించి కూడా చెప్పాలి. పెరటాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లలో వచ్చే తమిళ నెల) శనివారాల్లో అవ్వ మాకు నుదుటి నిండా నామం పెట్టి, చెంబుకూ నామం పెట్టి, వీధిలో ఐదిళ్ళకు పంపేది. గోవిందా అని నిలబడితే గుప్పెడు బియ్యం వేసేవాళ్ళు. ఆ బియ్యం కలిపి వండి తళిగ వేసేది, అంటే స్వామికి నైవేద్యం పెట్టేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శనివారం నామంతోనే ఆఫీసుకు పోతే, "ఏం బాస్, ఎవరు పెట్టారు నీకు?" అన్నారు. నేనూ నవ్వేశాను. అవ్వకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

హైదరాబాద్ సభ్యుడు: మీ బాధ గౌరవిస్తూనే ఒక మాట. పేపర్లను తిట్టి లాభం లేదండీ. 'నా పని చేసిపెట్టు, నీకింత ఇస్తా' అనడంలోనే ఆ రెండో అర్థం దాక్కుని ఉంది. గుడ్డలో మూటకట్టి గుట్టుగా ఇవ్వడం రెండు చోట్లా ఒకటే. జనం పోలిక చూసి అన్నారు, అంతే. మొక్కుబడి కూడా అంతే. మొక్కులు తీర్చేవాళ్ళలో ఎక్కువమంది ఎట్లా తీరుస్తారో చూసే ఆ అర్థం పుట్టింది. అందరూ మీ అవ్వగారు కాదు కదా.

మళ్ళీ నేను: కాదనను సార్. నిజం చెప్పాలంటే అవ్వ కూడా బేరమాడేది. పటం ముందు కూర్చుని, "కుబేరుడికి ఇంకా వడ్డీ కడతా ఉండావు, అప్పు బాధేందో నీకు నేను చెప్పాల్నా సామీ" అని పోట్లాడేది. కానీ లంచం తీసుకునేవాడితో ఎవరైనా అట్లా పోట్లాడతారా? వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. మీరు చెప్పింది సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం ఒప్పుకోవడానికి ఇంకా నలభై రోజులు కావాలి.

పలమనేరు నుంచి ఒక సభ్యురాలు: మాది కన్నడం వినిపించే సరిహద్దు అన్నా. కన్నడంలో ఈ మాట చెడిపోలేదు. జీవితాన్ని సేవకు 'ముడిపు'గా పెట్టారు అంటారు, మనం అంకితం అన్నట్టు. పెద్దవాళ్ళు పోయినప్పుడు వాళ్ళ గురించి అట్లా రాస్తారు కూడా. అవ్వగారి ఫోటో కింద ఆ మాట బాగుంటుంది. కానీ తెలుగులో రాస్తే ఏమనుకుంటారో అని నవ్వొస్తా ఉంది.

తిరుపతి నుంచే ఇంకొకరు: తమ్ముడూ, నువ్వు మన తాతయ్యగుంట గంగమ్మను మరిచిపోయినావు, స్వామి చెల్లెలు. ఆమె జాతరలో బండ వేషం కట్టి నోటికొచ్చిన బూతులు తిడతాం. మిగతా రోజుల్లో చెంపదెబ్బ తెచ్చే మాట ఆ రోజు మొక్కు. కొండ మీది మంచి మాటలు కింద తిట్లు అయినాయి, కింది తిట్లు చెల్లెలి దగ్గర పూజ అయినాయి. లెక్క సరిపోయింది, పడుకో.

ఇక ముడుపు సంగతి. విప్పొద్దు. పెద్దావిడ పోయిన ఇల్లు కదా, ఏడాది దాకా మీరు కొండకు పోరు. సంవత్సరీకం అయ్యాక ఇంటివాళ్ళెవరైనా తీసుకుపోయి ఆ మూట అట్లాగే హుండీలో వేయండి. మా ఇంట్లో మేం అట్లాగే చేసినాం.

మళ్ళీ నేను: అట్లాగే అన్నా. ఆ మొక్కు దేనికో మాకెవరికీ తెలీదు. అమ్మేమో నా ఇంటి లోన్ గురించి అంటుంది. చిన్నత్త తన మోకాలి ఆపరేషన్ గురించి అంటుంది. తమ్ముడికి వాడి ట్రాన్స్‌ఫర్ మీద అనుమానం. ఎవరికి వాళ్ళు తమ కోసమే అనుకుంటున్నారు. మూటను పటం వెనకాల మళ్ళీ పెట్టేశాం.

నిన్న తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. పరీక్షల గురించి ఏదో చెప్పి, పెట్టేసే ముందు, "పెదనాన్నా, అవ్వ ముడుపు అక్కడే ఉందా?" అన్నాడు. 'లు' తీసేశాడు వెధవ.