నాష్‌విల్‌కి కొత్త: పాత కంట్రీ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నలకు, అక్కలకు నమస్కారం. గుంటూరు నుంచి అమెరికా వచ్చి రెండు నెలలైంది, నాష్‌విల్ పక్కన ఫ్రాంక్లిన్‌లో ఉంటున్నాను. ఆఫీసులో భోజనాల దగ్గర అందరూ పాత కంట్రీ పాటల (ఇక్కడి పల్లెల్లో పుట్టిన పాటలు) గురించే మాట్లాడుకుంటారు. హ్యాంక్, పాట్సీ, లొరెటా అని పాత గాయకుల పేర్లు చెబుతుంటే సొంత చుట్టాల సంగతి చెప్పుకున్నట్టు ఉంటుంది. యూట్యూబ్‌లో వింటే నాకు అన్నీ ఒకేలా అనిపించాయి. వచ్చే నెల మా మేనేజర్ గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే ఇక్కడి పేరున్న కంట్రీ పాటల కార్యక్రమానికి తీసుకెళ్తానన్నారు. ఏమీ తెలియకుండా వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఏవి వినమంటారు?

రీ: బ్రెంట్‌వుడ్ అక్క

తమ్ముడూ, నేను వచ్చిన కొత్తలో నాకూ అన్నీ ఒకేలా వినిపించాయి. మా పక్కింటి పెద్దావిడ నన్ను కారులో సరుకులకు తీసుకెళ్తూ, పాట వచ్చినప్పుడల్లా రేడియో తగ్గించి మాటలు విడమరిచి చెప్పేది. అప్పుడు అర్థమైంది, ఇవి ముందు కథలు, తర్వాతే పాటలు. కాబట్టి సాహిత్యం ముందు పెట్టుకుని విను.

లొరెటా లిన్ 1970లో పాడిన 'కోల్ మైనర్స్ డాటర్'తో మొదలుపెట్టు. కెంటకీలో బుచర్ హాలో అనే కొండపల్లెలో తను పుట్టి పెరిగిన ఇంటి కథ అది. తండ్రి రాత్రంతా బొగ్గు గనిలో, పగలు మొక్కజొన్న చేలో పనిచేస్తాడు. బట్టలు ఉతికి ఉతికి తల్లి వేళ్లు రక్తం కారతాయి. ఎనిమిది మంది పిల్లలు. మా పుట్టిల్లు కొత్తగూడెం. మొదటిసారి మాటలు అర్థమై విన్నప్పుడు మా నాన్న డ్యూటీ దిగి వచ్చే దారి కళ్ల ముందు కనపడింది.

ఆ తర్వాత డాలీ పార్టన్. ఈవిడది మన నాష్‌విల్ ఉన్న టెనెసీ రాష్ట్రమే, పన్నెండు మంది పిల్లల ఇల్లు. 1971లో వచ్చిన 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్'లో, ఎవరో ఇచ్చిన గుడ్డపీలికలతో అమ్మ కోటు కుడుతుంది. పాప దాన్ని మురిసిపోతూ బడికి వేసుకెళ్తే పిల్లలంతా నవ్వుతారు. ఆ పిల్లకు మాత్రం వాళ్లెందుకు నవ్వుతున్నారో అర్థం కాదు. మొత్తం కంట్రీలో ఒక్క పాటే వినే టైముంటే ఇదే వినమంటాను. ఇంకో సంగతి, డాలీ పాట ఒకటి నీకు ముందే తెలుసు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' డాలీ రాసిందే. తనను పైకి తెచ్చిన గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షో నుంచి బయటికి వస్తూ ఆయనకు వీడ్కోలుగా రాసింది. 1974లో ఆవిడ పాడిన తీరు విను, పక్కన కూర్చుని మెల్లగా చెబుతున్నట్టు ఉంటుంది.

పాట్సీ క్లైన్ పాటలో వయొలిన్లు, వెనక కోరస్ విని ఇది కంట్రీయేనా అనుకోవద్దు. 1950ల చివర్లో రాక్ అండ్ రోల్ దెబ్బకు ఇక్కడి స్టూడియోలు పల్లెటూరి బాణీ ఫిడేలు తగ్గించి ఇలా నునుపు చేశాయి. దాన్నే నాష్‌విల్ సౌండ్ అంటారు. 1961 నాటి 'క్రేజీ' అందులో మేలిరత్నం. రాసింది విల్లీ నెల్సన్. పాట్సీ 1963లో విమాన ప్రమాదంలో పోయింది, ముప్పై ఏళ్లకే.

రీ: బెల్‌వ్యూ అన్నయ్య

అక్క చెప్పినవన్నీ నిజమే కానీ నేనైతే హ్యాంక్ విలియమ్స్‌తోనే మొదలుపెట్టమంటాను. 1949 నాటి 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై' రాత్రిపూట ఒంటరిగా విను. అందులో స్టీల్ గిటార్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. వీణలో జారు విన్న చెవి దాన్ని వెంటనే పట్టుకుంటుంది. ఆయన 1953 జనవరి 1న, ఇరవైతొమ్మిదేళ్లకే పోయాడు. మిసిసిపీ కౌలు రైతు కొడుకు చార్లీ ప్రైడ్‌ను కూడా వదలొద్దు. నల్లజాతి గాయకులు దాదాపు కనపడని చోట నిలబడి, 1971లో 'కిస్ యాన్ ఏంజెల్ గుడ్ మార్నిన్'తో ఊరూరా మోగాడు.

ఆప్రీ గురించి: అది ఒక్క గాయకుడి కచేరీ కాదు. 1925లో మొదలైన రేడియో కార్యక్రమం, ఇప్పటికీ లైవ్‌గా వస్తుంది. ఒక్కొక్కరూ వచ్చి రెండు మూడు పాటలు పాడి వెళ్తారు. మధ్యలో ప్రకటనలు చదువుతారు. స్టేజీ మధ్యలో వేరే రంగు చెక్కతో ఒక గుండ్రం కనపడుతుంది, దాన్ని చూడు. 1974లో డౌన్‌టౌన్ రైమన్ ఆడిటోరియం నుంచి ఆప్రీ ఇప్పుడున్న హాలుకి మారినప్పుడు, పాత స్టేజీలోంచి కోసి తెచ్చి అమర్చారు. హ్యాంక్, పాట్సీ నిలబడి పాడిన స్టేజీ చెక్క అది. వీలైతే ముందు వారం రైమన్‌కి కూడా వెళ్లు, అది ఒకప్పుడు చర్చిలాంటి ప్రార్థనా మందిరం, ఆ బెంచీలు ఇంకా అలాగే ఉన్నాయి.

రీ: కొత్తగా వచ్చిన తమ్ముడు

అక్కా, రాత్రి ఆ కోటు పాట మాటలు చూస్తూ నాలుగుసార్లు విన్నాను. మా నాయనమ్మ పాత చీరలతో కుట్టిన బొంత సూట్‌కేసులో తెచ్చుకున్నాను. ఇక్కడెవరైనా చూస్తే ఏమనుకుంటారో అని బీరువాలోనే ఉంచాను. ఈ రోజు తీసి మంచం మీద పరిచాను. అన్నయ్యా, శనివారం రైమన్‌కి వెళ్తున్నాను, మీకు కుదిరితే తోడు వస్తారా?