లేఓవర్‌ల బయటికి పోవొచ్చా? అమ్మానాన్న టికెట్ గురించి, జర చెప్పుండ్రి

మిర్యాలగూడ పోరడు (రాత్రి 10:52)
సాయంత్రం ఆరు నుంచి ఇదే పని మీద కూసున్న, ఇంక నాతోని అయితలేదు. అమ్మానాన్న అక్క దగ్గరికి డల్లాస్ పోతున్నరు. నడుమ 19 గంటల గ్యాప్ ఉన్నది. అన్ని గంటలు కుర్చీల కూసుంటే నాన్న మోకాళ్ళు పట్టుకపోతయి. మా చిన్నాయన ఆడనే ఉంటడు. వచ్చి తీస్కపోయి, ఇంత అన్నం పెట్టి మళ్ళ దింపుతా అంటున్నడు. ఒక సైట్ల వీసా కావాలె అని ఉన్నది, ఇంకోదాంట్ల అక్కర్లేదని ఉన్నది. వీడియోలల్ల ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తున్నడు. బయటికి పోవొచ్చా, పోరాదా? గదొక్కటి చెప్పుండ్రి. ప్రయాణం 22 తారీఖు.

జడ్చర్ల జంక్షన్
ఏ ఎయిర్‌పోర్టు?

కృష్ణా ఒడ్డు
తమ్మీ, ఊరు పేరు చెప్పకుంటే ఎవరూ చెప్పలేరు. "లేఓవర్‌ల బయటికి పోవుడు" అనే రూల్ ప్రపంచంల యాడా లేదు. బయటికి అడుగు వెడితే ఆ దేశంల అడుగు వెట్టినట్టే లెక్క, ఆ దేశం రూలే నడుస్తది. మన ఇండియా పాస్‌పోర్టు మీద, లోపల అమెరికా వీసా ఉన్నదనుకొని చెప్తున్న.

దోహా అయితే మనోళ్ళకు 30 రోజుల దాకా వీసా లేకుండనే ఇస్తరు. కానీ ఖతార్‌వాళ్ళ డిస్కవర్ ఖతార్ ద్వారానే హోటల్ బుక్ అయి ఉండాలె, ముందుకు పోయే టికెట్ ఉండాలె, పాస్‌పోర్టు ఆరు నెలలు చెల్లాలె. చుట్టాల ఇంటికి పోతమన్నా హోటల్ కాయితం చూపియ్యాలె.

ఇస్తాంబుల్ అయితే అమెరికా వీసా చెల్లుబాటుల ఉంటే ఈ-వీసా వస్తది. ఇంటికాడనే తీస్కోవాలె.

లండన్ అయితే అమెరికాకు పోయేటోళ్ళు అమెరికా వీసా చూపెట్టి, వీసా లేకుండనే బయటికి రావొచ్చు. దిగిన మర్నాడు రాత్రి 11:59 లోపల విమానం ఎక్కెయ్యాలె. అయినా ఇది హక్కు కాదు, కౌంటర్‌ల కూసున్న ఆఫీసర్ ఇష్టం.

ఫ్రాంక్‌ఫర్ట్ అయితే అమెరికా వీసాతోని లోపలనే కూసోవొచ్చు. గేటు దాటాలంటే షెంగెన్ వీసా (యూరప్ దేశాలు కలిసి ఇచ్చేది) కావాలె. అమెరికా వీసా ఉన్నదని యూరప్‌ల తిరగనియ్యరు. శానామంది ఈడనే ఆగమైతరు.

అబుదాబి అయితే ఇంకో ముచ్చట. అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలనే అయిపోతది, అమెరికాల దిగినంక లోకల్ విమానం దిగినట్టే బయటికొస్తరు. అందుకే బయటికి పోయినోళ్ళు ఇంకింత ముందు తిరిగి రావాలె.

ఇండ్ల ఏదో చెప్పు.

మిర్యాలగూడ పోరడు
దుబాయ్ అన్నా. రాసిన అనుకున్న. చిన్నాయన షార్జాల ఉంటడు. అమెరికా వీసా ఇద్దరికీ ఉన్నది, పదేండ్లది. ఎయిర్‌లైన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట ఇనిపిచ్చి కట్ చేసిండ్రు.

దేవరకొండ ఖిలా
ముందు మాట సరిజేస్కోవాలె. 24 గంటలు దాటకుంటే ట్రాన్సిట్, దాటితే స్టాపోవర్. ట్రాన్సిట్ ప్రయాణికుడు ఇమ్మిగ్రేషన్ దాటడు. బయటికి వస్తే ఆయన ఇంక ట్రాన్సిట్ కాదు, విజిటర్. కాబట్టి "ట్రాన్సిట్‌ల బయటికి పోవొచ్చా" అన్న ప్రశ్నే తప్పు.

కృష్ణా ఒడ్డు
ఖిలా అన్నా, 24 గంటల లెక్క టికెట్ రేటు కట్టేటోళ్ళది, ఇమ్మిగ్రేషన్‌ది కాదు. యూఏఈలనే ట్రాన్సిట్ వీసా అని ఉన్నది, అది బయటికి వచ్చేటోళ్ళకే ఇస్తరు. 48 గంటలదానికి ఫీజు లేదు, 96 గంటలదానికి 50 దిర్హాములు. ఇగ ట్రాన్సిట్ ప్రయాణికుడు బయటికి రాడు అని ఎట్లంటవ్?

దేవరకొండ ఖిలా
అది వీసా పేరు. నేను చెప్తున్నది ప్రయాణికుని హోదా గురించి.

పాలమూరు టికెట్స్
పేరు ఏదైనా కానియ్యండి, పని చూద్దాం. ఇండియన్ పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఉన్నవారికి దుబాయ్‌లో 14 రోజుల వీసా ఆన్ అరైవల్ (దిగాక ఎయిర్‌పోర్టులోనే ఇచ్చే వీసా) ఇస్తారు. ఫ్రీ అనుకోవద్దు, ఫీజు ఉంటుంది, కార్డు దగ్గర పెట్టుకోవాలి. పాస్‌పోర్టు ఆరు నెలలు చెల్లాలి. అమెరికా వీసా కూడా దుబాయ్‌లో దిగిన రోజు నుంచి ఆరు నెలలు చెల్లాలి. ఈ రెండో షరతు చాలామంది చదవరు.

విమానం దిగాక "కనెక్షన్స్" బోర్డు వెంట పోవద్దు, "అరైవల్స్" వెంట పోవాలి. ఒకసారి కనెక్షన్స్ సెక్యూరిటీ దాటితే మళ్ళీ వెనక్కి రావడం పెద్ద తిప్పలు. ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడకముందే వీసా ఆన్ అరైవల్ కౌంటర్ ఉంటుంది. ముందు అక్కడ పని ముగించుకోవాలి. లేకపోతే గంట సేపు లైన్లో నిలబడ్డాక వెనక్కి పంపుతారు. చేతిలో రెండు పాస్‌పోర్టులు, డల్లాస్ టికెట్ ప్రింట్, చిన్నాయన ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఎగ్జిట్ ఇమ్మిగ్రేషన్, మళ్ళీ సెక్యూరిటీ. అమెరికా విమానాలకు గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ చేయవచ్చు. అందుకే మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఇప్పుడు నువ్వు చెప్పాల్సినవి మూడు. మొత్తం ఒకటే పీఎన్‌ఆరా, రెండు టికెట్లా? ఇద్దరి అమెరికా వీసాలు ఏ తేదీ వరకు ఉన్నాయి? దిగేది, ఎక్కేది ఎన్నింటికి?

సూర్యాపేట అక్క
తమ్ముడూ, వీసా ఒక్కటే చూస్తున్నరు, సంచుల ఏమున్నదో ఎవరూ అడుగుతలేరు. బయటికి పోతే కస్టమ్స్ దాటాలె. అమ్మ బిడ్డ కోసం మటన్ మసాలా కొట్టిచ్చే ఉంటది. దాంట్ల గసగసాలు ఉన్నాయా? యూఏఈల గసగసాలు నిషేధం, మత్తు పదార్థం కింద లెక్కవెడ్తరు. విడిగా ఉన్నా, మసాలాల కలిపి దంచినా తేవద్దు. కొబ్బరి, ధనియాలు, లవంగాలతోని వేరేగా కొట్టిచ్చుకోమని చెప్పు.

నాన్నకు మోకాళ్ళ నొప్పులంటున్నవ్. గోలీల పట్టీ వెనుక ట్రమడాల్ అని ఉన్నదేమో చూడు. దగ్గు సిరప్‌ల కోడీన్ ఉన్నదేమో చూడు. ఆ రెండిటికి ఆడ ముందే పర్మిషన్ కావాలె. బీపీ, షుగర్ గోలీలు డాక్టర్ చీటీతోని, ఆ డబ్బాలల్లనే, చేతి సంచిల పెట్టు.

జడ్చర్ల జంక్షన్
గసగసాలు మత్తు పదార్థమా? ఇంట్ల కూరలేసుకుంటం.

సూర్యాపేట అక్క
నల్లమందు తీసే కాయల గింజలే అవి. మనకాడ కిరాణంల దొరుకుతయి, అక్కడి చట్టంల ఆ తేడా లేదు. ఈ ముచ్చట తెల్వక పెద్దోళ్ళు ఇబ్బంది పడొద్దనే ఇంతగనం చెప్తున్న.

కృష్ణా ఒడ్డు
అక్కా, సూట్‌కేసులు డల్లాస్ దాకా నేరుగ పోతయి, దుబాయ్‌ల చేతికి రావు. చేతి సంచుల మసాలా ఎవరు పెడ్తరు? అసలు లొల్లి డల్లాస్‌ల. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్ రానియ్యదు. పచ్చి కరివేపాకు అసలే రానియ్యరు, నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తదని. సకినాలు, మామిడికాయ పచ్చడి ఏం కాదు, తిండి సామాన్లు ఉన్నయని కస్టమ్స్‌వాళ్ళకు చెప్పాలె.

సూర్యాపేట అక్క
నేరుగ పోతయని ఎట్ల చెప్తున్నవ్? ఒకటే టికెట్టో కాదో తమ్ముడు ఇంకా చెప్పనేలేదు.

మిర్యాలగూడ పోరడు (రాత్రి 11:48)
రెండు టికెట్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్ వేరే ఎయిర్‌లైన్, తక్కువకు వచ్చిందని విడిగ తీసిన. టెర్మినల్ 2ల దిగుతరు 22 పొద్దున 7:10కి. డల్లాస్‌ది టెర్మినల్ 3, రాత్రి 2:20. అమ్మ వీసా 2031 దాకా ఉన్నది. నాన్నది ముందు తీసింది, ఇంక నాలుగు నెలలే ఉన్నది. కానీ అమెరికాకు అది చాలు కదా?

పాలమూరు టికెట్స్
అమెరికాకు చాలు. దిగిన రోజు వీసా చెల్లితే చాలు, అక్కడ ఎన్ని రోజులు ఉండాలో ఐ-94 (అమెరికాలో దిగినప్పటి ఎంట్రీ రికార్డు) చెప్తుంది. దుబాయ్‌కి చాలదు. అమ్మకు వీసా ఆన్ అరైవల్ వస్తుంది, నాన్నకు రాదు.

ఇప్పుడు ప్రశ్న కూడా మారిపోయింది. రెండు టికెట్లు వేర్వేరుగా ఉంటే బయటికి పోవడం మీ ఇష్టం కాదు, పోయి తీరాలి. శంషాబాద్‌లో సూట్‌కేసుకు ట్యాగ్ కడతారు చూడు, దాని మీద పెద్ద అక్షరాల్లో డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్ కోడ్) అని ఉండదు, డీఎక్స్‌బీ (దుబాయ్ కోడ్) అని ఉంటుంది. అంటే సామాను దుబాయ్ బెల్టు మీదే వస్తుంది. బెల్టు ఉండేది ఇమ్మిగ్రేషన్ దాటాక. నాన్న దాటలేకపోతే ఆయన సూట్‌కేసులు అటు, ఆయన ఇటు. అక్కడిదాకా కూడా రానివ్వరు. శంషాబాద్ చెకిన్ కౌంటర్‌లోనే దుబాయ్ వీసా ఏదని అడిగి ఆపేస్తారు. అక్క చెప్పిన మసాలా సంగతి కూడా అందుకే ముఖ్యం. నాలుగు సూట్‌కేసులూ దుబాయ్ కస్టమ్స్ దాటాలి.

టెర్మినల్ 2 రన్‌వేకి అవతలి పక్క ఉంటుంది. లోపలి నుంచి నడిచి టెర్మినల్ 3కి పోలేరు, కారు కావాలి. చిన్నాయనను టెర్మినల్ 2కే రమ్మను, పెద్ద బండి తెమ్మను. సూట్‌కేసులు ఇంటికే తీసుకుపోవాలి, అంత ముందు డల్లాస్ విమానం కౌంటర్ తీసుకోదు.

బరువు కూడా చూడు. డల్లాస్ టికెట్ మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఉండొచ్చు, మొదటి టికెట్ మీద అంత ఉండదు. మిగిలిన కిలోలు ఇప్పుడే ఆన్‌లైన్‌లో కొనుక్కో, కౌంటర్‌లో రేటు ఎక్కువ.

కృష్ణా ఒడ్డు
రెండు టికెట్లు అని మొదట్నే చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు. అక్కా, నీ మాటే నిజం.

తమ్మీ, టైం కూడా జాగ్రత్త. రాత్రి 2:20 అంటే తారీఖు 23. 22 రాత్రి తిని పండుకుంటే విమానం పోతది. టికెట్ మీద ఉన్నది దుబాయ్ టైం, మనకంటె గంటన్నర వెనక. నాన్న గడియారం తిప్పకుంటే తికమక అయితది. షార్జా నుంచి రాత్రి 10:30కి బయలెల్లితే నిమ్మళంగ పోతరు.

దేవరకొండ ఖిలా
సాయంత్రం పూట దుబాయ్ నుంచి షార్జాకు పోయే రోడ్డు జామ్ అయితది, వచ్చేటప్పుడు అంత ఉండదు. ఇంకోటి, అమ్మ పాస్‌పోర్టు ఈసీఆర్‌దా, అంటే బయటి దేశం పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్స్ కావాల్సిందా? పదో తరగతి పాస్ కానోళ్ళకు అట్ల ఉంటది. అయినా 50 ఏండ్లు దాటితే ఆ లెక్క రాదు, ఉద్యోగానికి పోయేటోళ్ళకే ఆ క్లియరెన్స్. ఎవరన్న అడిగితే బెదరొద్దని చెప్పు.

పాలమూరు టికెట్స్
నాన్నకు దారులు రెండు. డల్లాస్ టికెట్ యూఏఈ ఎయిర్‌లైన్‌దే అయితే వాళ్ళ ద్వారా 48 లేదా 96 గంటల ట్రాన్సిట్ వీసా ముందే తీసుకోవాలి, ఎయిర్‌పోర్టులో దిగాక ఇవ్వరు. లేదంటే 30 రోజుల టూరిస్ట్ వీసా. ఏది తీసుకున్నా వారం ముందే అప్లై చెయ్యి. ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్, పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ స్కాన్ కావాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాలి.

వచ్చేటప్పుడు కూడా ఇట్లాగే రెండు టికెట్లా? అయితే నాన్నకు మళ్ళీ ఇంకో వీసా కావాలి, ఇప్పటిది అప్పటికి పనికిరాదు. రిటర్న్ అయినా ఒకటే పీఎన్‌ఆర్ మీద తియ్యి. ఇంకో మాట. మొదటి విమానం లేటయి రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్ బాధ్యత తీసుకోదు, నో-షో (ప్రయాణికుడు రాలేదని) రాస్తారు. 19 గంటల గ్యాప్ ఉంది కాబట్టి ఇక్కడ ఫరవాలేదు. మూడు గంటల గ్యాప్‌తో మాత్రం ఎప్పుడూ ఇట్లా తియ్యొద్దు.

మిర్యాలగూడ పోరడు (మరుసటి రోజు మధ్యాహ్నం 1:15)
నాన్నకు పొద్దుగాల అప్లై చేసిన. అమ్మ మసాలా డబ్బా తీసేసింది. దగ్గు సిరప్‌ల కోడీన్ ఉన్నది, అది కూడా తీసిన. థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ అక్కా.

జడ్చర్ల జంక్షన్
96 గంటలదా, 30 రోజులదా?

దేవరకొండ ఖిలా
ఏ పేరుతోని వచ్చిందో కూడా ఈడ రాయి తమ్మీ. ట్రాన్సిట్ అని ఉన్నదా, విజిట్ అని ఉన్నదా.