వడ్రంగి అయిన మా నాన్నగారి జ్ఞాపకార్థ కూడికలో ఏమి మాట్లాడాలి?

ప్రశ్న (సికింద్రాబాద్):
మా నాన్నగారు గత నెల ప్రభువునందు నిద్రించారు. నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశాము. టేకు తలుపుల చట్రాలను మేకు కొట్టకుండా, ఉలితో తొలిచిన బెజ్జంలోనే బిగించడంలో పేరు తెచ్చుకున్న ఆయన, ఎంత పని ఉన్నా రాత్రి కుటుంబ ప్రార్థన మానలేదు. కూడికలో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏ వాక్యంతో మొదలుపెట్టడం సముచితం?

జవాబు 1:
మత్తయి 13:55లో యేసును వడ్లవాని కుమారుడని, మార్కు 6:3లో ఆయననే వడ్లవాడని స్వగ్రామస్థులు చులకనగా అంటారు. వారు తక్కువగా ఎంచిన ఆ పనే మీ నాన్నగారి జీవితం కనుక, ఇంతకంటే దగ్గరి వాక్యం దొరకదు.

జవాబు 2:
వాక్యం మంచిదే కాని, సమయమంతా దానికే ఇవ్వకండి. మా మామగారి కూడికలో ముగ్గురు ప్రసంగించారు. ఆయన గురించి మాత్రం భోజనాల దగ్గరే విన్నాము. ఆయన చేతి పని ఒకటి అందరికీ చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ వందనాలు. అమ్మకు ఆయన చేసిచ్చిన బైబిలు పీట ఉంది. ఒక కాలు పొట్టిదని అమ్మ, కాదు నేలే వంకరని ఆయన చివరివరకూ వాదించుకున్నారు. దానినే తీసుకువెళ్తాను.