న్యూరాలజిస్ట్ ‘ఏమీ లేదు’ అన్నాక కూడా ఎంఆర్ఐ తీయించుకోవాలా?

రాత్రిషిఫ్ట్: వయసు 24, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వేసవి నుంచి పిక్కల్లో కండరం దానంతటదే అదురుతోంది. కాలు చాపి కూర్చుంటే చర్మం కింద కదలడం కంటికే కనిపిస్తుంది. అరచేతుల్లో, మూతి చుట్టూ తిమ్మిరి. ఫోన్‌లో వెతికితే మొదట వచ్చింది ఏఎల్ఎస్, కండరాల్ని నడిపే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు. ఇక పొద్దున లేవగానే మడమల మీద నడవడం, ఒంటిచేత్తో గుండీలు పెట్టుకుని చూసుకోవడం. డాక్టర్ గారు సుత్తితో మోకాళ్లు తట్టి, నడిపించి, బలం చూసి ‘నరాలు బాగున్నాయి, స్కాన్ అక్కర్లేదు, టెన్షన్ తగ్గించుకో’ అన్నారు. అమ్మేమో ‘డబ్బు పోతే పోనీరా, ఒకసారి తీయిస్తే నిమ్మళం’ అంటోంది. ఏం చేయమంటారు?

కాకినాడ కుర్రోడు: తీయించెయ్ బ్రో. కుర్రాళ్లు ఏం చెప్పినా స్ట్రెస్ అనేయడం అలవాటైపోయింది. ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాము నరాల పైపొర దెబ్బతినే జబ్బు, ఎక్కువగా బయటపడేది 20–40 ఏళ్ల మధ్యే కదా? అది పట్టుకునేది ఎంఆర్ఐతోనే.

వార్డు సిస్టర్: తమ్ముడూ, నువ్వు భయపడుతున్నది ఏఎల్ఎస్‌కి. అది మెదడు ఎంఆర్ఐలో తేలేది కాదు. పరీక్ష చేసి బలం చూడటం, అనుమానం ఉంటే ఈఎంజీ (కండరంలో విద్యుత్ సంకేతాలు చూసే సూది పరీక్ష), దానికి దారి అదీ. ఆ జబ్బులో ముందు బలం తగ్గుతుంది: చెప్పు జారిపోతుంది, తాళం తిప్పలేరు. బలం బాగుండి ఉత్త అదురు మాత్రమే ఉంటే, అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మామూలే. కాఫీ, నిద్రలేమి దాన్ని పెంచుతాయి. మూతి చుట్టూ తిమ్మిరి సంగతంటావా, కంగారులో తెలియకుండానే ఊపిరి ఎక్కువ తీస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, కాల్షియం పనితీరు మారి నరాలు చురుక్కుమంటాయి. అది నిజమైన తిమ్మిరే, ఊహ కాదు.

ఇంకోటి. ఏ బాధా లేనివాళ్ల మెదడు స్కాన్ల పరిశోధనలన్నీ కలిపి 2009లో లెక్కేస్తే, 100 మందిలో దాదాపు ముగ్గురికి అనుకోనిదేదో కనిపించింది. చిన్న తెల్ల మచ్చలు ఆ లెక్కలో లేవు. రిపోర్టులో ‘మచ్చ’ అని చూశాక నీకు నిద్ర పడుతుందా?

పప్పన్నం: సిస్టర్ గారూ, మీరు చెప్పింది సగమే. నేను శాకాహారిని, పాలు కూడా పెద్దగా తాగను. కాళ్లలో సూదులు గుచ్చినట్టుంటే ఒక డాక్టర్ ‘పెళ్లి టెన్షనా?’ అని నవ్వి పంపేశారు. వేరే చోట రక్తం ఇస్తే బి12 అడుగంటింది. ఇంజెక్షన్లతో తగ్గింది. టెన్షన్ అనే ముందు బి12, థైరాయిడ్, షుగర్, కాల్షియం చూశారా అని అడగాలి. స్కాన్ ఖర్చులో ఇవి ఏ మూలకి?

వార్డు సిస్టర్: ఒప్పుకుంటా. బి12 లోపం ఏళ్ల తరబడి వదిలేస్తే నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా.

కాజీపేట: మా చెల్లికి ఒక కాలు ఉన్నట్టుండి పడిపోయింది. స్కాన్లు క్లియర్. ‘నటిస్తోంది’ అన్నారు బంధువులు. ఓ న్యూరాలజిస్ట్ పడుకోబెట్టి, పడిపోయిన కాలి మడమ కింద చెయ్యి పెట్టి నొక్కమంటే నొక్కలేకపోయింది. బాగున్న కాలు పైకెత్తమనగానే ఈ మడమ ఆయన చేతిని గట్టిగా అదిమింది. 1908 నాటి హూవర్ పరీక్షట. ‘నరం తెగలేదు, సంకేతం దారి తప్పుతోంది, దీన్ని ఫంక్షనల్ అంటాం’ అని చెల్లికే చూపించి చెప్పారు. ఫిజియోథెరపీతో నడుస్తోంది. స్కాన్ బాగుంటే జబ్బు లేదని కాదు, ఉన్నదల్లా స్కాన్‌లో కనపడాలనీ లేదు.

కాకినాడ కుర్రోడు: అదే నేననేది! ‘ఏమీ లేదు’ అని తలుపేసేస్తే ఎట్లా?

వార్డు సిస్టర్: తలుపు వేయమనట్లేదు బాబూ. ఒక కన్ను మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, మూత్రం పట్టు తప్పినా, చెయ్యో కాలో బలం తగ్గినా ఆ రోజే వెళ్లాలి. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక పక్క ఉన్నట్టుండి చచ్చుబడినా క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యాలి. ఇవేవీ లేకుండా నిమ్మళం కోసం తీస్తే అది ఎక్కువ రోజులు నిలవదు. మెదడయ్యాక వెన్నుపూస, తర్వాత ఇంకోటి. ఆ పొద్దుటి గుండీల పరీక్ష మానేయడమే అసలు వైద్యం. ఒక్కడివల్ల కాకపోతే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) చేసే సైకాలజిస్ట్ ఉంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

రాత్రిషిఫ్ట్: స్కాన్ ప్రస్తుతానికి ఆపుతున్నా. అమ్మని ఒప్పించడం వేరే కథ. రేపు రక్తం ఇస్తా. ఇంట్లో బి12 మాత్రలున్నాయి, ఈలోపు మొదలెట్టనా?

పప్పన్నం: వద్దు! ముందు రక్తం ఇవ్వు. మాత్ర వేసుకుంటే అంకె పెరిగిపోతుంది, లోపం ఉందో లేదో తేలదు.