వైల్ ట్రూ పెట్టి బ్రేక్ రాస్తే ల్యాబ్ రికార్డులో కొట్టేశారు. తప్పేంటి?

కొత్తబ్యాచ్: బీటెక్ ఫస్టియర్, పైథాన్ ల్యాబ్. మార్కులు అడగాలి, 0 నుంచి 100 లోపు లేకపోతే మళ్లీ అడగాలి. వైల్ ట్రూ (ఆగకుండా తిరిగే లూప్) పెట్టి, లోపల ఇన్‌పుట్ తీసుకుని, సరిగ్గా ఉంటే బ్రేక్ (లూప్ నుంచి బయటికి రా) అని రాశాను. పనిచేసింది కూడా. మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేసి "షరతు వైల్ పక్కనే ఉండాలి" అన్నారు. ఎందుకండీ?

ల్యాబ్‌మాస్టారు: మేడమ్ చెప్పింది కరెక్టు. లూప్ ఎప్పుడు ఆగుతుందో మొదటి లైన్లోనే తెలియాలి. వైల్ ట్రూ అని రాసి, ఎక్కడో లోపల బ్రేక్ దాచిపెడితే చదివేవాడు వెతుక్కోవాలి. ఇన్‌పుట్ ముందు ఒకసారి తీసుకో. తప్పుగా ఉన్నంతసేపు వైల్ లోపల మళ్లీ తీసుకో. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గోటూ (ప్రోగ్రాంలో ఇంకోచోటికి గెంతించే ఆదేశం) మీద ఉత్తరం రాసింది ఇలాంటి గెంతుల గురించే.

ఫ్రెషర్స్‌ట్రైనర్: ఆ ఉత్తరం గోటూ గురించి మాస్టారూ, బ్రేక్ ఊసే లేదు అందులో. అసలు సమస్య ఇన్‌పుట్ లైను రెండు చోట్ల రాయించడం. పిల్లలు పైన ఇంట్ (కొట్టినదాన్ని అంకెగా మార్చేది) పెడతారు, లూప్ లోపల మర్చిపోతారు. 85 కొడితే అంతా బాగుంటుంది. 150 కొట్టి తర్వాత 85 కొట్టండి, టైప్‌ఎర్రర్ వస్తుంది, స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరసని, అంకెతో పోల్చడం కుదరదు కాబట్టి. ఇంకోటి, మీ పద్ధతిలో ఇన్‌పుట్ ఎప్పుడు తప్పో ఆ షరతు రాయాలి. "0 కంటే తక్కువ అండ్ 100 కంటే ఎక్కువ" అని రాసేవాళ్లు నాకు ప్రతి బ్యాచ్‌లో తగులుతారు. అలాంటి అంకె ఉండదు కదా, లూప్‌లోకే వెళ్లదు, 150 హాయిగా పాసైపోతుంది. 1983లో సోలోవే, బోనార్, ఎర్లిక్ అనే పరిశోధకులు విద్యార్థుల మీదే పరీక్షించారు. మధ్యలోంచి బయటికొచ్చే లూప్ ఇచ్చినవాళ్లే ఎక్కువగా సరైన ప్రోగ్రాములు రాశారు.

ల్యాబ్‌మాస్టారు: అది పాస్కల్ అనే పాత భాష. దానికి కొత్త లూప్ తగిలించి చేసిన పరీక్ష. అండ్, ఆర్ తేడా తెలియకపోతే అది నేర్పాలి గానీ పక్కదారి చూపించకూడదు.

అంకెలరాయుడు: ఎవడైనా "ఎనభై" అని అక్షరాల్లో కొడితే రెండు పద్ధతులూ కూలిపోతాయి. ముందు ఈజ్‌డిజిట్ (అన్నీ అంకెలేనా అని చూసేది) పెట్టండి.

నైట్‌షిఫ్ట్: ఈజ్‌డిజిట్ వద్దు. మైనస్ 5కి ఫాల్స్ అంటుంది. వర్గానికి పైన రాసే చిన్న 2 ఇస్తే ట్రూ అంటుంది, ఇంట్ మాత్రం కూలుతుంది. ట్రై పెట్టి వాల్యూఎర్రర్ (ఇంట్ మార్చలేకపోతే వచ్చే ఎర్రర్) పట్టుకోండి. మాస్టారి పద్ధతిలో అయితే ఆ ట్రై కూడా రెండు చోట్ల రాయాలి.

ల్యాబ్‌మాస్టారు: ఫంక్షన్ రాస్తే ఒక్కచోటే చాలు.

కొత్తబ్యాచ్: సర్, మాకు ఫంక్షన్లు నాలుగో యూనిట్‌లో.

అంకెలరాయుడు: తెలుగు అంకెల్లో ౮౫ అని ఇచ్చినా ఇంట్ 85 కింద తీసుకుంటుంది, ఎంతమందికి తెలుసు?

బ్యాక్‌లాగ్‌వీరుడు: నాకు ఎక్స్‌టర్నల్ పరీక్షలో బ్రేక్ రాశాననే మార్కులు కోశారు. రన్ చేసి చూపిస్తానంటే స్క్రీన్ వైపు కూడా చూడలేదు. మాస్టార్లంతా ఒకటే.

ల్యాబ్‌మాస్టారు: మీ మార్కులు నేను కోయలేదు. నా మీద పడతారేంటి?

ఫ్రెషర్స్‌ట్రైనర్: పడాల్సిందే. మీ దగ్గర్నుంచి వచ్చే పిల్లలకి ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్ ప్రోగ్రాం నిద్రలో లేపినా వస్తుంది. అంకె బదులు అక్షరం కొడితే ఏమవుతుందని అడగండి, మొహాలు చూసుకుంటారు. రికార్డు బట్టీ, అంతే.

ల్యాబ్‌మాస్టారు: ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. నా ల్యాబ్‌లో అరవై మంది. సిస్టమ్‌కి ఇద్దరు, కొన్ని ఆన్ కూడా కావు. సగం మంది కీబోర్డు ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఒకడు బ్రేక్ మర్చిపోతే స్క్రీన్ ఆగకుండా అడుగుతూనే ఉంటుంది, వాడు భయపడి స్విచ్ కట్టేస్తాడు. అందరూ ఒకే రూపంలో రాస్తే, నడుస్తూ చూసినా తప్పెక్కడో నాకు దొరుకుతుంది.

ఫ్రెషర్స్‌ట్రైనర్: అంటే ఇది లూప్ గొడవ కాదు, మీరు దిద్దుకోవడానికి వీలుగా ఉండాలన్నమాట. డైక్‌స్ట్రాని ఎందుకు లాగారు మరి?

ల్యాబ్‌మాస్టారు: వీలు కాదండీ, గత్యంతరం లేక.

కొత్తబ్యాచ్: సర్, ఒక మాట. మా ల్యాబ్‌లో 150 కొట్టి ఎవరూ చూడరు. రికార్డులో అవుట్‌పుట్ ఒక్కటే రాయమంటారు, అదీ సరైన ఇన్‌పుట్‌ది. నాది తప్పా ఒప్పా రన్ చేసి ఎవరూ తేల్చలేదు.

ఫ్రెషర్స్‌ట్రైనర్: నా బాధ అదే. ఏ లూప్ అయినా రాయనివ్వండి. 85, 150, ఒక అక్షరం, మూడూ కొట్టించి మూడు అవుట్‌పుట్లూ రికార్డులో అడగండి. బ్రేక్ ఎక్కడుందో ఆ తర్వాత చూసుకోవచ్చు.

ల్యాబ్‌మాస్టారు: అరవై రికార్డులు, ఒక్కోదానిలో మూడేసి అవుట్‌పుట్లు. ఇంటర్నల్స్ వారంలో. మీరొచ్చి దిద్దుతారా?

నైట్‌షిఫ్ట్: దిద్దడమెందుకు మాస్టారూ? పిల్లల ఫైళ్లకి ఆ మూడు ఇన్‌పుట్లూ ఇచ్చి నడిపే స్క్రిప్టు ఒకటి రాస్తే చాలు. నేను రాసిపెడతాను.

ల్యాబ్‌మాస్టారు: ఫైలు ఎవడడుగుతున్నాడండీ? ఎక్స్‌టర్నల్‌కి వచ్చే ఎగ్జామినర్ అడిగేది రికార్డు.